చిన్న కారవాన్ ట్రైలర్ కొన్నాం, మార్పులు చేశాం, చివరికి మార్చేశాం: నల్గొండ నుంచి రివ్యూ

ముందు అసలు విషయం చెప్పేస్తా. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఉండేవాళ్లు బొలెరో లాంటి బండి వెనక గుంజుకుపోయే చిన్న కారవాన్ ట్రైలర్ కొనాలనుకుంటే నిక్షేపంగా కొనొచ్చు, మా ఇంటికి అది పెట్టిన ప్రతి రూపాయికీ పనికొచ్చింది. కాకపోతే లోపలి పరుపు, రంగు లైట్లు, చెక్క అల్మారాలు చూసి కొనొద్దు. కిందికి వంగి ఛాసిస్, ఇరుసు, కమాన్ కట్టలు (ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలు) చూడండి, నిచ్చెన వేసుకుని పైకప్పు చూడండి. మిగతావన్నీ తర్వాత మార్చుకోవచ్చు గానీ ఈ రెండింట్లో ఏది పాడైనా బండి పోయినట్టే. మాది పైకప్పు నుంచే పోయింది.

మేం ఎందుకు కొన్నామంటే, అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాయినకు షుగర్, ఇద్దరికీ జాతరలంటే ప్రాణం. మాఘమాసంలో చెరువుగట్టు, రెండేళ్లకోసారి పెద్దగట్టు, దీపావళి దాటాక కురుమూర్తి, ఏదీ వదలరు. కురుమూర్తిలో ఉద్దాల (స్వామి పాదుకల) ఊరేగింపు రోజు వెళ్లినవాళ్లకు తెలుసు, గది సంగతి దేవుడెరుగు, కాలు పెట్టే జాగా దొరకదు. గుడారం వేసుకుంటే కింద పడుకుని పొద్దున లేవాలంటే అమ్మను ఇద్దరం పట్టి లేపాలి, రాత్రిపూట బాత్రూముకు పోవాలంటే ఆడవాళ్లు పడే అవస్థ వేరే చెప్పక్కర్లేదు. అందుకని 2018లో హైదరాబాద్ శివార్లలో ట్రైలర్లు తయారుచేసే ఒక వర్క్‌షాపులో చిన్నది చేయించాం. ఇద్దరు పడుకునే పరుపు, వెనక మూత ఎత్తితే వంటగట్టు, పక్కన బిగించుకునే గుడారం, ఒక పోర్టబుల్ టాయిలెట్ డబ్బా. ఖాళీ బరువు 480 కిలోలు.

బరువు గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పేది ఎప్పుడూ ఖాళీ బరువే. నీళ్లు, గ్యాస్, బియ్యం, పరుపులు, కుర్చీలు అన్నీ సర్దాక మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాటా మీద ఎక్కిస్తే 640 చూపించింది. మా జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ చూసిన తరం కాబట్టి అమ్మ బయట బోరు నీళ్లు నోట పెట్టదు, ఇంటి నుంచే 60 లీటర్లు పట్టుకుపోతాం, అంటే నీళ్లే 60 కిలోలు. ఆ ట్యాంకు ఇరుసుకు వెనక ఉంటే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. బండికి తగిలించే కొక్కెం మీద పడే బరువు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, మా లెక్కన 64 నుంచి 96 కిలోలు. దాన్ని చూసుకోవడానికి మా ఊళ్లో వడ్లు కొనే సెంటర్‌లో బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటా వాడాం. ట్రైలర్‌ను చదునైన నేల మీద నిలబెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టి, ముందున్న జాకీ చక్రం విప్పేసి, కొక్కెం కింద బండికి ఉండే ఎత్తుకే సరిపడా దుంగ పెట్టి దాన్ని కాటా మీద ఆనించాం. 41 చూపించింది. నీళ్ల ట్యాంకు, గ్యాస్ ముందుకు జరిపాక 72కి వచ్చింది. ఆ తర్వాత విజయవాడ హైవే మీద 70 స్పీడులో పోతున్నప్పుడు బస్సులు పక్కనుంచి దూసుకుపోయినా ట్రైలర్ నిలకడగా వచ్చింది. ఎప్పుడైనా ఊగితే మాత్రం సడెన్ బ్రేక్ కొట్టొద్దు, యాక్సిలరేటర్ తొక్కొద్దు, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని కాలు తీసేయండి, దానంతటదే సర్దుకుంటుంది.

బ్రేక్ సంగతి. దీనికి ఓవర్‌రన్ బ్రేక్ ఉంది, అంటే ముందు బండి నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుకే దాని బ్రేక్ పడుతుంది. మామూలు రోడ్డు మీద దీనికి వంక పెట్టక్కర్లేదు. ఘాట్ దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. శ్రీశైలం రోడ్డులో దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగేటప్పుడు ట్రైలర్ వెనక నుంచి తోస్తూనే ఉంటుంది కాబట్టి బ్రేక్ రాసుకుంటూనే ఉండి వేడెక్కిపోతుంది. మొదటి మలుపు రాకముందే సెకండ్ గేర్‌లో వేసి ఇంజన్ మీదే దింపాలి, మధ్యలో ఆగి డ్రమ్ము చల్లారనివ్వాలి. ఇంకోటి, ఆ అడవి రోడ్డును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, అది పులుల అభయారణ్యం, దారి పక్కన ఎక్కడంటే అక్కడ ట్రైలర్ ఆపి పడుకుందాం అంటే కుదరదు. టైము చూసుకుని మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరికి చేరండి.

కాగితాల విషయంలో బద్ధకించొద్దు. చట్టం దృష్టిలో ట్రైలర్ వేరే వాహనమే, దాని రిజిస్ట్రేషన్ దానికి ఉండాలి. 'బండి వెనకే కదా' అని కాగితాలు లేకుండా అంటగట్టేవాళ్లు ఉన్నారు, అలాంటిది చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు.

ఇక మార్పులు. మొదట చేసింది టైర్లు. దాంతో వచ్చినవి చిన్న కార్లకు వేసే మామూలు టైర్లు, వాటి స్థానంలో సామాన్లు మోసే చిన్న వ్యాన్ల ఎల్‌టీ టైర్లు వేయించాం. ట్రైలర్ టైరు అరిగిపోయి పోదు, నెలల తరబడి ఎండలో నిలబడి పక్కగోడ బీటలు వారి పోతుంది, కాబట్టి గీతలు బాగున్నాయని మురిసిపోకుండా టైరు మీద డాట్ అనే గుర్తు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి, 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. బేరింగులకు ఏడాదికోసారి గ్రీజు మార్పించాం. దారిలో ఎక్కడ ఆగినా చక్రం మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టి చూడటం మా అబ్బాయి డ్యూటీ, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగో బ్రేకో పట్టేసిందని అర్థం.

రెండోది ఎండ. మే నెలలో నల్గొండ ఎండ గురించి మనవాళ్లకు నేను చెప్పాలా! మధ్యాహ్నం రేకు డబ్బాలో మనిషి ఉండలేడు. ఇంట్లో వాడే ఏసీ బ్యాటరీ మీద నడిపే ఆలోచన పెట్టుకోవద్దు, చిన్నదైనా వెయ్యి వాట్ల దాకా గుంజుతుంది. మేం పైకప్పుకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించి, రెండు వైపులా దోమతెర కిటికీలు పెట్టించి, కరెంటు తక్కువ తినే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను బిగించాం. తేడా బాగా తెలిసింది. అయినా ఏప్రిల్, మే నెలల్లో పగలు చెట్టు నీడ దొరికితేనే, లేకపోతే ప్రయాణం మానుకోవడమే మేలు.

మూడోది బ్యాటరీ. నాయిన ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, దానికోసం 12 వోల్టుల చిన్న ఫ్రిజ్ పెట్టాం. ఫ్యానూ ఫ్రిజ్జూ కలిపి వేసవిలో రోజుకు 800 వాట్-అవర్ల పైనే తినేవి. వర్క్‌షాపు ఇచ్చిన 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో, దాని ఆయుష్షు తగ్గకూడదంటే, సగమే వాడుకోవాలి, అంటే 12 వోల్టుల లెక్కన మొత్తం 1200 వాట్-అవర్లలో 600. తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోయి నాయిన మందు ఏమవుతుందోనని అమ్మకు ఒకటే టెన్షన్. 2021లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారాం. అదే 100 ఏహెచ్, కానీ వెయ్యికి పైగా వాడుకోవచ్చు, బరువు సగం కూడా ఉండదు. మొత్తం మార్పుల్లో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చింది ఇదే. అయితే బ్యాటరీ ఒక్కటి మారిస్తే చాలదు, సోలార్ కంట్రోలర్ లిథియంకు తగ్గది పెట్టాలి, బొలెరో నుంచి ఛార్జ్ కావాలంటే మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి, లేకపోతే బండి ఆల్టర్నేటర్ మీద భారం పడుతుంది.

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. మాకున్న 100 వాట్ల సోలార్ ప్లేటు మంచి ఎండలో కూడా రోజుకు 400, 500 వాట్-అవర్లకు మించి ఇవ్వదు కదా, అందుకని రెండో ప్లేటు కావాల్సి వచ్చింది. బిగించిన షాపువాళ్లు పైకప్పులోకి నేరుగా స్క్రూలు దింపి, మీద సిలికాన్ పూసి పంపించారు. నిజానికి పట్టీల కింద నీళ్లు దిగకుండా అతుక్కునే బ్యూటైల్ టేపు వేసి, చిల్లు చుట్టూ సీల్ చేయాలి. మీద పూసిన సిలికాన్ ఒక్కటే అయితే కొన్నాళ్లకు అంచు లేచిపోతుంది, బయటికి మాత్రం ఏమీ కనబడదు. 2023 వానాకాలంలో నాగార్జునసాగర్ హిల్ కాలనీ వైపు వెళ్లినప్పుడు పరుపు మూల తడిగా తగిలింది. లోపలి షీటు మూల ఊడదీసి చూస్తే ప్లైవుడ్ నల్లబడి, పొరలు పొరలుగా విచ్చుకుని, బొటనవేలు నొక్కితే లోపలికి దిగిపోయింది. నీళ్లు గోడ లోపల్నుంచి జారి నేల చెక్క దాకా వచ్చాయి. షాపుకు ఫోన్ చేస్తే 'ప్లేటుకే వారంటీ సార్, బిగింపుకు లేదు' అన్నారు. ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపమే. పెద్దవాళ్లు పడుకునే చోటు అది.

రిపేరుకు లెక్క వేయిస్తే పైకప్పు, ఒక గోడ, నేల మొత్తం మార్చాలన్నారు, కొత్తదానికయ్యే ఖర్చులో సగానికి పైనే. ఛాసిస్ మాత్రం గట్టిగా ఉంది. ఆలోచించి మార్చేయడానికే నిర్ణయించుకున్నాం, దానికి తడి ఒక్కటే కారణం కాదు, అప్పటికి అమ్మకు వంగి లోపలికి పాకడం పూర్తిగా కష్టమైపోయింది. పాతదాన్ని పైకప్పు పరిస్థితి ఉన్నదున్నట్టు చూపించి, మెస్ నడిపే ఒకాయనకు ఛాసిస్ ధరకే ఇచ్చేశాం, ఆర్‌సీ కూడా ఆయన పేరు మీదికి మార్పించాం.

2024లో తీసుకున్నది పైకప్పు పైకి లేచే రకం. లోపల నిటారుగా నిలబడొచ్చు, వెడల్పాటి రెండు మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ. అమ్మ మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుని 'ఇది ఇల్లు రా' అంది. గోడల్లో చెక్క లేదు, రెండు ఫైబర్ షీట్ల మధ్య ఫోమ్, కాబట్టి తడికి కుళ్లే పనిలేదు. ఛాసిస్‌కు తుప్పు పట్టకుండా గాల్వనైజింగ్ (జింకు పూత) ఉంది. సోలార్ ప్లేట్ల కోసం కడ్డీలు తయారీలోనే పెట్టించాం, పైన కొత్తగా ఒక్క చిల్లు కూడా పెట్టనివ్వలేదు. సస్పెన్షన్‌కు రబ్బరు టార్షన్ రకం (ఇరుసు లోపలి రబ్బరే కుదుపు మింగేది) కూడా చూపించారు, ప్రయాణం మెత్తగా ఉంటుందన్నారు, నేను కమాన్ కట్టలే కావాలన్నా. కట్ట విరిగితే సూర్యాపేటలోనో జడ్చర్లలోనో ట్రాక్టర్ ట్రాలీలు బాగుచేసే ఏ షెడ్డులోనైనా పూటలో మార్చేస్తారు. గ్యాస్ అర కింద నేలకు ఆనుకుని గాలి రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకున్నా, ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది.

కొత్తదానికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఖాళీ బరువే 710 కిలోలు, బొలెరో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ భారం తెలుస్తుంది. పైకప్పు లేపాక చుట్టూ ఉండేది గుడ్డ గోడే కాబట్టి చలికాలం రాత్రి సోమశిల ఒడ్డున గాలి బాగానే లోపలికొచ్చింది, లోపల దళసరి తెర కుట్టించుకోవాల్సి వచ్చింది. రివర్స్ చేసేటప్పుడు బ్రేక్ పట్టకుండా ఆపే పిన్ను చేతికి అందని చోట పెట్టారు, ప్రతిసారీ ఒకరు దిగాలి. తడిసిన నల్లరేగడిలోకి దింపితే ఏ ట్రైలరైనా దిగబడుతుంది, దీనికీ మినహాయింపు లేదు, గట్టి చెల్క నేల చూసుకునే ఆపుతున్నాం.

కొనాలనుకునేవాళ్లు చూడటానికి జూలైలోనో ఆగస్టులోనో, వాన పడే రోజు వెళ్లండి. వాన లేకపోతే పైపుతో పైకప్పు మీద అరగంట నీళ్లు కొట్టమని అడిగి, మీరు లోపల టార్చి పట్టుకుని మూలమూలా తడిమి చూడండి. ఆ పరీక్షకు ఒప్పుకోని దగ్గర అడ్వాన్స్ ఇవ్వొద్దు.