స్పీచ్ పాథాలజీ ఎం.ఎస్. దరఖాస్తుకు కన్సల్టెన్సీ సేవ: నా అనుభవం

హైదరాబాద్‌లో బీఏఎస్‌ఎల్‌పీ (మాట, వినికిడి సమస్యల చికిత్సకు సంబంధించిన డిగ్రీ) పూర్తి చేసి, అమెరికాలో మాట, భాషా సమస్యలకు చికిత్స చేసే స్పీచ్-లాంగ్వేజ్ పాథాలజీలో ఎం.ఎస్. చేయాలన్న ఉద్దేశంతో అమీర్‌పేటలోని ఒక విదేశీ విద్యా కన్సల్టెన్సీకి 35 వేల రూపాయలు కట్టి, ఆరు నెలలపాటు వారి సేవలు పొందాను. ఇంజనీరింగ్ విద్యార్థులకు వారు ఎంత బాగా ఉపయోగపడతారో చెప్పలేను గానీ, మా రంగం సంగతి మాత్రం వారికి తెలియదు.

మొదటి వారంలోనే పన్నెండు విశ్వవిద్యాలయాల జాబితా చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చి ఒక్కొక్కటే తెరిచి చూస్తే, అందులో రెండు కోర్సులు పత్రికా రచనకూ ప్రజా సంబంధాలకూ చెందినవి. పేరులో ‘కమ్యూనికేషన్’ కనిపిస్తే చాలనుకున్నారు కాబోలు. మిగిలిన వాటిలో ఏ కోర్సుకు ఆషా, అంటే అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్, అక్రిడిటేషన్ మండలి గుర్తింపు ఉందో కూడా చూడలేదు. ఆ గుర్తింపు లేని చోట చదివితే తరువాత సర్టిఫికేషన్‌కూ, రాష్ట్ర లైసెన్సుకూ ఎదురయ్యే చిక్కు చిన్నది కాదు.

క్లినికల్ గంటల, అంటే పర్యవేక్షణలో రోగులతో చేసే శిక్షణ గంటల, విషయంలో ఇచ్చిన సలహా ఇంకా నష్టం చేసేది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లలో ఇక్కడ చేసిన గంటలన్నీ అక్కడ లెక్కలోకి వస్తాయని కౌన్సిలర్ ధీమాగా చెప్పారు. ఆషా సర్టిఫికేషన్‌కు కావలసిన 400 గంటల్లో 25 పరిశీలనకు, 375 రోగులతో నేరుగా పనిచేయడానికి కాగా, మొత్తంలో కనీసం 325 గంటలు గుర్తింపు పొందిన పీజీ కోర్సులో ఉండగానే పూర్తి కావాలి. అంటే ఇక్కడి శ్రమ అనుభవంగా పనికొస్తుందే తప్ప, గంటలుగా చాలా కొద్దిగానే కలుస్తుంది.

చదువు ముగిశాక మూడేళ్లు పని చేసుకోవచ్చన్న మాట కూడా కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు చెప్పేదే. మా కోర్సు సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలోకి రాదు కనుక ఓపీటీ, అంటే చదువు తరువాత అక్కడ పనిచేసే అనుమతి, పన్నెండు నెలలే. కనీసం 36 వారాలు, 1,260 గంటలు సాగవలసిన క్లినికల్ ఫెలోషిప్, అంటే సర్టిఫికేషన్‌కు ముందు పర్యవేక్షణలో చేసే పని, ఆ వ్యవధిలోనే ముగించుకోవాలి. శాశ్వత నివాసానికి వెళ్లేటప్పుడు నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు లాగానే మాకూ ఆరోగ్య వృత్తుల ధ్రువపత్రం అవసరమన్న సంగతి వారి నోట ఒక్కసారి కూడా రాలేదు.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఈ చదువు ఎందుకో చెబుతూ దరఖాస్తుతో పంపే వ్యాసం) గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పక్షవాతంతో మాట పడిపోయిన ఒక పెద్దాయన, మంచినీళ్ల గ్లాసు బొమ్మ ఉన్న కార్డు చూపించిన ప్రతిసారీ ‘నీ... నీ...’ దగ్గరే ఆగి, మూడో వారంలో ‘నీళ్లు’ అని పూర్తి చేసి, ఆ వెంటనే భార్య వైపు తిరిగి అదే మాట మళ్లీ అన్న సంఘటనతో నేను మొదలుపెట్టాను. కౌన్సిలర్ దాన్ని కొట్టేసి, ‘చిన్ననాటి నుంచే సాంకేతికతపై మక్కువ’ అన్న అచ్చు వాక్యం చేర్చారు. నేను పాత పేరానే పంపాను.

న్యాయంగా చెప్పాలంటే, ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించడం, బ్యాంకు పత్రాలు సరిచూడడం, వీసా ఇంటర్వ్యూ అభ్యాసం చేయించడం వంటివి శ్రద్ధగా చేశారు. ఆ పనులకు బయట పది వేలకు మించి ఖర్చు కాదు.

నేను ఐదుకు రెండు ఇస్తాను. ఈ రంగంలోకి వెళ్లదలచినవారు డబ్బు కట్టే ముందు కౌన్సిలర్‌ను ఒక్క ప్రశ్న అడగాలి: ‘325 గంటలు ఎక్కడ పూర్తి కావాలి?’ జవాబు రాకపోతే, ఇప్పటికే అక్కడ చదువుతున్న మన సీనియర్లను పలకరించడం మేలు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో రెండేళ్ల ఎం.ఎస్సీ. ప్రవేశ పరీక్షకు కూడా నేను సిద్ధమవుతున్నాను; ఆ దరఖాస్తు నింపడానికి ఒక సాయంత్రం పట్టింది.