మూలపడిన మ్యూజిక్ సిస్టమ్‌ను కంప్యూటర్‌కు కలిపితే

కంప్యూటర్ కోసం రెండు మూడు వేల రూపాయలలో స్పీకర్లు కావాలని విశాఖపట్నం ద్వారకానగర్ దుకాణాలు తిరిగేవారికి ఎక్కువగా కనిపించేవి ఒకే తరహా సెట్లు: అరచేతిలో పట్టేంత చిన్న స్పీకర్లు రెండు, బల్ల కింద పెట్టుకునే, మంద్ర ధ్వనులు పలికే వూఫర్ ఒకటి, దాని ముందు వెలిగే నీలిరంగు దీపం. అదే డబ్బులో సగం ఖర్చుతో, ఇంట్లో దుప్పటి కప్పి మూలన పెట్టిన పాత స్టీరియో సెట్టును కంప్యూటర్‌కు కలుపుకుంటే ఎలా ఉంటుందో ఈ సమీక్షలో రాస్తున్నాను. నేను వాడుతున్నది 1990ల చివరినాటి మినీ హైఫై సెట్టు. దానిలో రెండు క్యాసెట్ డెక్కులు, మూడు సీడీల ట్రే, ఎఫ్ఎం రేడియో ఉన్నాయి. చెక్కపెట్టెలలో అమర్చిన స్పీకర్లు రెండూ విడిగా వస్తాయి. క్యాసెట్ బెల్టులు ఏనాడో సాగిపోయాయి, సీడీ లెన్సు చదవడం మానేసింది. ఇటువంటి సెట్లలో ముందుగా చెడిపోయేవి ఎప్పుడూ తిరిగే భాగాలే. ధ్వని సంకేతాన్ని పెంచి స్పీకర్లకు అందించే ఆంప్లిఫయర్‌లో కదిలేది ఏదీ ఉండదు కనుక అది చాలాకాలం నిలుస్తుంది; కంప్యూటర్‌కు కావలసినదీ అదే.

సెట్టు ముందు భాగాన అంటించిన స్టిక్కరు మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) పేరుతో వేల వాట్లు కనిపిస్తే వాటిని పట్టించుకోనవసరం లేదు. వెనుక రేకు మీద ఆ సెట్టు ఎంత కరెంటు తీసుకుంటుందో ముద్రించి ఉంటుంది. 100 వాట్లు తీసుకునే యంత్రం స్పీకర్లకు నిలకడగా 2000 వాట్లు ఇవ్వడం సాధ్యం కాదు. చూడవలసినది ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే వాట్ల లెక్క. సాధారణమైన ఇంటి స్పీకర్లు ఒక్క వాటుకే మీటరు దూరంలో 85 నుంచి 90 డెసిబెల్స్ దాకా పలుకుతాయి కనుక, బల్ల ముందు కూర్చుని వినేవారికి ఒక్కో వైపు 15 వాట్లు ఉన్నా మిగిలిపోతాయి.

కలపడం తేలికే. ఒక కొసన మామూలు ఇయర్‌ఫోన్ పిన్ను, అంటే 3.5 మిల్లీమీటర్లది, రెండో కొసన ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న వైరు చాలు. నేను రెండు వందల రూపాయల లోపు కొన్నాను. డెస్క్‌టాప్ అయితే వెనుక లేత ఆకుపచ్చ రంధ్రంలో, లాప్‌టాప్ అయితే హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టి, రెండో కొసను సెట్టు వెనుక ఆక్స్ (బయటి ధ్వనిని తీసుకునే ద్వారం) అని రాసిన చోట గుచ్చాలి. ఆక్స్ లేకపోతే విడి ఆంప్లిఫయర్ల మీద సీడీ, ట్యూనర్, టేప్ ప్లే అని రాసిన వాటిలో ఏదైనా పనికివస్తుంది, ఎందుకంటే ఇవన్నీ ఒకే స్థాయి సంకేతాన్ని తీసుకునేవే. ఫోనో అని రాసిన చోట మాత్రం పెట్టకూడదు. గ్రామఫోన్ సూది నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాన్ని దాదాపు వంద రెట్లు పెంచి, రికార్డు చేసేటప్పుడు తగ్గించిన మంద్ర ధ్వనులను తిరిగి ఎక్కువ చేసే ఏర్పాటు ఆ ద్వారం వెనుక ఉంటుంది. కంప్యూటర్ ధ్వనిని అందులోకి పంపితే పాటంతా పగిలిపోయినట్టు వినిపిస్తుంది. బయటి నుంచి ధ్వని తీసుకునే ద్వారమే లేని సెట్లు కూడా కొన్ని ఉన్నాయి. వాటికి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ తగిలించి సరిపెట్టుకునేవారు ఉన్నారు కానీ, ఎఫ్ఎం ప్రసారం సుమారు 15 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, పైగా గరగర తప్పదు. అటువంటి సెట్టును వదిలేయడమే మంచిది.

కంప్యూటర్ వాల్యూమ్‌ను దాదాపు పూర్తిగా పెంచి, హెచ్చుతగ్గులు సెట్టు మీదనే చేసుకోవాలి. కంప్యూటర్‌లో తగ్గించి ఆంప్లిఫయర్‌లో పెంచితే పాటతో పాటు వైరులోని సన్నని రొద కూడా పెరుగుతుంది. బాస్ బూస్ట్ వంటి మీటలను కూడా ఆపేశాకే ఈ సెట్టు అసలు గుణం ఏమిటో నాకు తెలిసింది.

ఈ ఏర్పాటులో ఎక్కువమంది సహనాన్ని పరీక్షించేది హమ్. లాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో తుమ్మెద రొద మొదలవుతుంది, ఛార్జర్ తీస్తే ఆగిపోతుంది. సెట్టు చెడిపోయిందని అనుకోవడానికి ఇది చాలు, కానీ లోపం సెట్టులో లేదు. మూడు పిన్నుల ఛార్జర్ ద్వారా కంప్యూటర్‌కు ఒక ఎర్త్, సెట్టుకు మరో దారిన, ఉదాహరణకు దానికి తగిలించిన డిష్ పెట్టె కేబుల్ ద్వారా, ఇంకో ఎర్త్ అందినప్పుడు, ఆ రెండింటి మధ్య ఉండే స్వల్పమైన వోల్టేజి తేడా ఆడియో వైరు గుండా ప్రవహించి, మన కరెంటు 50 హెర్ట్జ్ ధ్వనిగా, దాని రెట్టింపులుగా బయటపడుతుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, అవసరం లేని కేబుళ్లు తీసేస్తే చాలామందికి ఇది తగ్గుతుంది. తగ్గకపోతే మూడు నాలుగు వందల రూపాయలకు దొరికే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్‌ను వైరు మధ్యలో పెట్టుకోవచ్చు. అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చవకరకమైతే మంద్రస్థాయి కొంచెం పలచబడుతుంది. ఛార్జర్ ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని సలహా ఇచ్చేవారిని దూరంగా ఉంచాలి. ఆ పిన్ను ఉన్నది మన ప్రాణం కోసం.

మౌసు కదిలించినప్పుడల్లా కీచుమనే శబ్దం వస్తే అది వేరే సంగతి. కంప్యూటర్ లోపలి విద్యుత్ రొద హెడ్‌ఫోన్ రంధ్రంలోకి చొరబడుతోందని అర్థం. అప్పుడు యూఎస్‌బీకి తగిలించే చిన్న డాక్ (DAC, కంప్యూటర్‌లోని అంకెలను ధ్వని సంకేతంగా మార్చే పరికరం) ఒకటి కొనడం సమంజసమే. ఆ రొద లేనివారు, ధ్వని మెరుగవుతుందన్న ఆశతో దాని మీద వేల రూపాయలు పోయడం నాకు వృథాగా తోస్తుంది. ఆ డబ్బును స్పీకర్ల మరమ్మతుకు పెడితే చెవికి తెలిసే తేడా వస్తుంది.

మరమ్మతు విషయంలో విశాఖపట్నం కొంచెం కఠినమైన ఊరు. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి ఆర్‌సీఏ రంధ్రాల మీద, స్పీకరు వైరు కొసల మీద చిలుము పట్టిస్తాయి. అందువల్ల ఒక వైపు ధ్వని వచ్చి వచ్చి ఆగిపోతూ ఉంటుంది. వాల్యూమ్ తిప్పినప్పుడు కరకరమనడం కూడా ఈ కోవకు చెందినదే. ప్లగ్గు తీసి, కాంటాక్ట్ క్లీనర్ చల్లి, మీటను అటూ ఇటూ పలుమార్లు తిప్పితే చాలావరకు నయమవుతుంది. ఇంతకంటే పెద్ద నష్టం వూఫర్ అంచుకు జరుగుతుంది. అట్టతో చేసిన కోన్ చుట్టూ ఉండే మెత్తని వలయం ఫోమ్‌ది అయితే, తేమకు అది ఏళ్ల తరబడి నానినట్టై, చివరికి వేలు తగిలితే పొడిగా రాలుతుంది. రబ్బరు అంచు, గుడ్డ అంచు అంత త్వరగా పోవు. నా సెట్టులో రెండు వూఫర్ల అంచులూ ఇలాగే రాలిపోయి, మృదంగం మోగినప్పుడల్లా కాగితం చిరుగుతున్న చప్పుడు వచ్చేది. అల్లిపురంలో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన చూసి, "ఫోమ్ పోతే స్పీకరు పోయినట్టు కాదు బాబూ, అంచు ఒక్కటీ మారుద్దాం" అన్నారు. రెండింటికీ కలిపి వెయ్యి రూపాయలు తీసుకున్నారు. కోన్ సరిగ్గా మధ్యలో నిలిచేలా అంటించడం ఓపికతో కూడిన పని కనుక ఆ ధర ఎక్కువ అనిపించలేదు.

ఇక ధ్వని. చవక వూఫర్ సెట్లలో పక్క స్పీకర్లు మరీ చిన్నవి కావడంతో, సుమారు 150 నుంచి 200 హెర్ట్జ్ దాకా భారమంతా బల్ల కింది పెట్టె మీద పడుతుంది. మగవారు మాట్లాడే గొంతులో మూలస్వరం సుమారు 85 నుంచి 155 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే వార్తలు చదివేవారి కంఠంలో సగం ఎదురుగా, సగం మన కాళ్ల దగ్గర పలుకుతుంది. పాత స్టీరియోలో ఐదారు అంగుళాల వూఫర్ ప్రతి పెట్టెలోనూ ఉంటుంది కనుక గొంతు చీలదు. 1950లు, 60ల నాటి తెలుగు సినిమా పాటలు ఎక్కువగా మోనోలో రికార్డయినవే. రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చుంటే ఘంటసాల గొంతు సరిగ్గా తెర మధ్య నుంచి వస్తున్నట్టు ఉంటుంది. విజయనగరంలో వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డులు వింటే మాత్రం ఈ సెట్టు నిజాయితీ ఇబ్బంది పెడుతుంది. కమాను ఒత్తిడి ఎంత బాగా తెలుస్తుందో, రికార్డు గీతల రొద కూడా అంతే బాగా తెలుస్తుంది. నాకు అది సమ్మతమే.

లోపం లేకపోలేదు. నా స్పీకర్లలో అతి తార ధ్వనులు, ముఖ్యంగా తాళాల మోత, కొంత మొద్దుబారి ఉన్నాయి. పెట్టెలు బల్లను ఆక్రమిస్తాయి. తార ధ్వనులు పలికే చిన్న స్పీకర్లు, అంటే ట్వీటర్లు, చెవి ఎత్తుకు రావాలంటే కింద ఇటుకలో పుస్తకాలో పెట్టాలి. పూర్వం ఇటువంటి స్పీకర్లను పాత గాజు మానిటర్ల పక్కన పెడితే అయస్కాంతం వల్ల తెర మీద రంగులు చెదిరేవి. ఇప్పటి పలుచని తెరలతో ఆ బాధ లేదు. బ్లూటూత్ రిసీవర్ తగిలించుకుంటే వైరు తప్పుతుంది కానీ ధ్వని సెకనులో ఐదో వంతు దాకా వెనుకబడవచ్చు; పాటలకు ఫరవాలేదు, ఆటలకు అసలు పనికిరాదు.

ఇంట్లో సెట్టు లేనివారు వాడినది కొనేటప్పుడు వెనుక వోల్టేజి చూడాలి. మనది రేవు పట్టణం కనుక ఓడల మీద పనిచేసినవారు తెచ్చుకున్న 100, 110 వోల్టుల సెట్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230 వోల్టులకు పెడితే అవి కాలిపోతాయి. స్పీకర్లు వేరుగా కొంటే వాటి ఓమ్‌ల అంకె సెట్టు మీద రాసిన దానికంటే తక్కువ ఉండకూడదు. అమ్మేవారి ఇంటికి ఫోనూ వైరూ వెంట తీసుకువెళ్లి, ముందు గుడ్డ తీయించి ఫోమ్ అంచు చూసి, ఎడమ కుడి స్పీకర్లు రెండూ పలుకుతున్నాయో లేదో విని, పాట ఆపాక వాల్యూమ్ పెంచి హమ్ ఎంత ఉందో గమనించాలి. ఇవన్నీ బాగున్న సెట్టుకు రెండు వేల దాకా ఇవ్వవచ్చు. మూడు వేలు దాటి అడిగితే, ఫోమ్ అంచు మార్పించి ఉంటే తప్ప నేనైతే కొనను.