మూడు పొరల సైడ్‌వాల్ టైర్లు: తాడిపత్రి రస్తాల్లో వాడి చూశాక

టైరు కొనేటప్పుడు షాపులో అందరూ గ్రిప్పే చూస్తారు. గోరు పెట్టి లోతు చూసి, దిమ్మెలు ఎంత పెద్దగా ఉంటే టైరు అంత గట్టిదనుకుంటారు. మా వైపు దారుల్లో టైరు ప్రాణం పోయేది గ్రిప్పు దగ్గర కాదు, పక్కన, సైడ్‌వాల్ దగ్గర. ఇదంతా రాస్తున్నది ఆ ఒక్క సంగతి చెప్పడానికే.

నాది బోరు మోటార్లు ఎత్తి, రిపేరు చేయించి, మళ్లీ దించే పని. బండి ఫోర్ బై ఫోర్ పికప్. వెనక ఎప్పుడూ స్టాండు, చైన్ కప్పీ, క్లాంపులు ఉంటాయి, చాలాసార్లు జీఐ పైపులు కూడా. పొద్దున యాడికి అనే ఊరి దగ్గర చీనీ (బత్తాయి) తోటలో మోటారు ఎత్తితే, మధ్యాహ్నానికి దాన్ని వైండింగుకు అనంతపురం చేర్చాలి. సగం దూరం తారు రోడ్డు, మిగతాది రస్తా. తాడిపత్రి చుట్టుపక్కల రస్తా ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పాలిష్ ఫ్యాక్టరీల్లో పనికిరాని బండ ముక్కలను ట్రాక్టర్లతో తెచ్చి గుంతల్లో పోస్తారు, పైన కాస్త గరుసు చల్లుతారు. ఒక్క గట్టి వాన పడితే గరుసు కొట్టుకుపోయి బండ అంచులు పైకి తేలతాయి. గుండ్రాయి ఎక్కితే టైరుకు ఏమీ కాదు. నాపరాయి అలా కాదు, పొరలు పొరలుగా విరుగుతుంది, విరిగిన చోటల్లా పదునే.

బండితో పాటు వచ్చిన టైర్లు తారు మీద హాయిగా నడిచేవి. శబ్దం లేదు, మైలేజీ బాగుండేది. ఇంకా సగానికి పైగా గ్రిప్పు ఉండగానే ఇలాంటి రస్తాలో వెనక కుడి టైరు పక్కన కోసుకుపోయి ఒక్కసారిగా గాలంతా పోయింది. పంక్చర్ షాపతను చూసి తల అడ్డంగా ఊపాడు. గ్రిప్పు మధ్యలో మేకు దిగితే ప్లగ్గు వేసి పంపిస్తారు. సైడ్‌వాల్ చక్రం తిరిగిన ప్రతిసారీ వంగుతూ సాగుతూ ఉంటుంది కాబట్టి అక్కడ ప్లగ్గు నిలవదు, ప్యాచ్ వేయించినా నమ్మి లోడు ఎత్తలేం. నిక్షేపంలాంటి టైరును పారేయాల్సి వచ్చింది. ఆ కడుపుమంటతోనే మిగతావి కూడా తీసేసి, సైడ్‌వాల్ రబ్బరు లోపల మూడు దారం పొరలున్న ఏటీ (ఆల్ టెరైన్, అంటే తారుకూ రస్తాకూ పనికొచ్చే) టైర్లు వేయించాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం చేసే కంపెనీలు ఒకటికి మించే ఉన్నాయి, చూడాల్సింది పొరలనే.

ఆ పొరల లెక్క టైరు మీదే ఉంటుంది. దుమ్ము తుడిచి ఫోన్ లైటు వేస్తే, ట్రెడ్ (అంటే గ్రిప్పు) కింద ఎన్ని పాలిస్టర్ పొరలు, ఎన్ని స్టీలు పొరలు, సైడ్‌వాల్‌లో ఎన్ని అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తుంది. మామూలు కారు టైర్లకు సైడ్‌వాల్‌లో ఒకటో రెండో ఉంటాయి. షాపులో కొందరు 10పీఆర్ (ప్లై రేటింగ్) అని చూపించి, పది పొరలున్నాయని చెప్తారు. అది నిజం కాదు. టైర్లలో నూలు దారం వాడిన రోజుల్లో పొరల సంఖ్యతోనే బలం చెప్పేవారు. గట్టి దారాలు వచ్చాక పొరలు తగ్గాయి, లెక్క మాత్రం పేరుగా మిగిలింది. ఎంత గాలికి ఎంత బరువు మోస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది, బండ అంచుకు ఆగుతుందో లేదో తెలియదు. బరువు సంగతి టైరు మీదుండే లోడ్ ఇండెక్స్ అనే అంకెలో ఇంకా సూటిగా ఉంటుంది, 112 అంటే ఒక్కో టైరుకు 1,120 కిలోలు. తయారైన వారం కూడా చూసుకోండి. టైరు పక్కన ముద్రించిన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 3524 అని ఉంటే 2024లో 35వ వారం. నాకు మొదట ఒక షాపులో చూపించినవి చాలాకాలంగా గోడౌన్‌లో పడి ఉన్న సరుకు, తీసుకోకుండా వచ్చేశాను.

ఇక ఈ టైర్ల మీద నాకు ఇంత ఇష్టం ఎందుకంటే, పోయిన ఎండాకాలం యాడికి అవతల ఒక చీనీ తోటలో మోటారు కాలిపోయింది. మే నెలలో చెట్టుకు నీళ్లు ఆగితే కాయ రాలిపోతుంది, అందుకే రైతు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. మోటారు ఎత్తి, మార్చాల్సిన పైపులు బండికెక్కించి, రివర్స్ తీసుకుంటుంటే గట్టు వారన నిలువుగా పాతుకుపోయిన బండ ముక్కకు వెనక ఎడమ టైరు రాసుకుంది. లోడు మీద టైరు అప్పటికే పక్కకు కాస్త ఉబ్బి ఉంది. చర్రుమని చప్పుడు. పాత టైరు పోయిన రోజు విన్న చప్పుడే. టెన్షన్‌తో దిగి చూస్తే, మామిడికాయ చెక్కు తీసినట్టు రబ్బరు లేచి వేలాడుతోంది. పొడవు నా అరచేయంత ఉంది. లేచిన ముక్కను వేలితో పైకెత్తి చూశాను. అడుగున కూడా నల్లటి రబ్బరే, దారం ఎక్కడా బయటపడలేదు. రైతు బాటిల్‌లో నీళ్లు తెచ్చి దాని మీద మెల్లగా పోశాడు. ఒక్క బుడగ రాలేదు. మీటరు పెట్టి చూస్తే గాలి పెట్టింది పెట్టినట్టే ఉంది.

రస్తా దాటేదాకా నడక వేగంతో, మధ్య మధ్యలో దిగి తడిమి చూసుకుంటూ తాడిపత్రి చేరాను. పంక్చర్ షాపతను టైరు విప్పి, లోపల చుట్టూ చెయ్యి పెట్టి నిదానంగా తడిమాడు. “దారం తెగలేదన్నా. తెగింటే ఈపాటికి బుడ్డ లేచేది” అన్నాడు. దారం తెగిన చోట లోపలి గాలి రబ్బరును బయటికి తోస్తుంది, అదే బుడ్డ. అది లేచిన టైరు ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. నా టైరుకు లోపల గీత కూడా లేదు. వేలాడే ముక్కను బ్లేడుతో కోసేసి, దాన్ని స్టెప్నీగా పెట్టి, స్టెప్నీని వెనక్కి వేశాడు. వైండింగ్ షాపు మూసేలోపే అనంతపురం చేరాను. మరుసటి రోజు మోటారు బోరులోకి దిగింది, చెట్లకు నీళ్లు అందాయి. పాత టైర్లే ఉండి ఉంటే ఆ బండి ఆ ఎండలో తోటలోనే నిలిచిపోయేది. ఆ కోసుకున్న టైరు ఇప్పటికీ స్టెప్నీగానే ఉంది, దాన్ని మాత్రం లోడుతో హైవే ఎక్కించను.

కానీ మూడో పొర ఊరికే రాదు. టైరు బరువెక్కింది, మైలేజీ లీటరుకు దాదాపు ఒక కిలోమీటరు పడిపోయింది. ఖాళీ బండితో వెళ్తే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. వేగం డెబ్బై దాటితే మోత మొదలవుతుంది, దానికి నేను అలవాటు పడ్డాను, మా ఇంట్లోవాళ్లు పడలేదు. ముళ్ల సంగతిలో కూడా ఎక్కువ ఆశించకండి. సర్కారు కంప ముల్లు దిమ్మెల మధ్య రబ్బరు పల్చగా ఉన్న చోట సూటిగా దిగుతుంది. గాలి సన్నగా పోతూ పోతూ తెల్లారేసరికి టైరు కూర్చుంటుంది. మూడో పొర అక్కరకొచ్చేది పక్కన, కింద కాదు.

వేయించిన కొత్తలో, వాన రోడ్డు మీద కూడా బాగా పట్టుకుంటున్నాయని అడిగినవాళ్లందరికీ చెప్పాను. సగం అరిగాక ఆ మాట అంత గట్టిగా అనలేను. రాళ్లకు పెళ్లలు ఊడకుండా ఈ రకం టైర్లలో రబ్బరు గట్టిగా ఉండేలా చేస్తారు, తడి తారు మీద ఆ గట్టిదనమే ఇబ్బంది. గుత్తి దగ్గర నేషనల్ హైవే 44 మీద తొలకరి జల్లులో ముందున్న లారీ బ్రేకు వేస్తే, నా బండి నేను అనుకున్న చోటు దాటి ఆగింది. చట్టం ప్రకారం గ్రిప్పు 1.6 మిల్లీమీటర్లకు వచ్చేదాకా నడపొచ్చు, అంటే గాడుల్లో ఉండే చిన్న కట్టలు గ్రిప్పుతో సమానమయ్యేదాకా. నేను అంతదాకా ఆగను.

నల్లరేగడిలో కూడా అంతే. వాన వెలిసిన చేలో ఏటీ టైరు గాడుల్లోకి జిగట మట్టి ఎక్కి, నాలుగు గజాలు పోయేసరికి నున్నగా గుండులా తయారవుతుంది. ఆ మట్టిని విదిలించుకోవాలంటే వెడల్పు గాడులున్న ఎంటీ (మడ్ టెరైన్, బురద కోసం చేసే) టైర్లు కావాలి. కాని రోజూ అనంతపురం రోడ్డు మీద తిప్పేవాడికి అవి త్వరగా అరిగిపోతాయి. వానాకాలంలో కొన్ని రోజులు రేగడి చేలకు పనికి రానని ముందే చెప్పేస్తున్నాను.

గాలి విషయంలో ఒకటి. వంక ఇసుకలో దిగబడకుండా గాలి తగ్గించమంటారు, అది సరైన మాటే. అదే తగ్గించిన గాలితో బండ ముక్కల్లోకి వస్తే టైరు పక్కకు ఉబ్బి, సైడ్‌వాల్‌ను మనమే తీసుకెళ్లి అంచుకు ఆనించినట్టవుతుంది. లోడుతో తారు ఎక్కితే, మా ఎండలకు టైరు వేడెక్కి లోపలే చెడుతుంది. బండిలో చిన్న కంప్రెసర్ పెట్టుకున్నాను, ఇసుక దాటగానే నింపుతాను.

నా పని తాడిపత్రి, యాడికి, కొలిమిగుండ్ల వైపు ఉన్నంతకాలం మూడు పొరలవే కొంటాను. కళ్యాణదుర్గం ఎర్రనేలల వైపు పనులు పెరిగితే రెండు పొరల తేలిక ఏటీ చూస్తానేమో. వారంలో ఎక్కువ రోజులు బెంగళూరుకు సరుకు వేసేవాళ్లకు ఇవి వద్దు, హైవే కోసం చేసే హెచ్‌టీ టైర్లే మేలు.

మా బావమరిది తన పికప్‌కు వెనక జత మాత్రం ఇవి వేయిస్తే చాలదా అని అడుగుతున్నాడు. అతనిది టూ వీల్ డ్రైవ్, లోడంతా వెనకే, కోసుకునేవీ వెనకవే, కాబట్టి వేయించుకోమన్నాను, తడి రోడ్డు మీద మాత్రం నిదానంగా పొమ్మన్నాను. నాలా ఫోర్ బై ఫోర్ ఉన్నవాళ్లు అలా చేయకండి. ముందు వెనక టైర్ల ఎత్తు తేడా వస్తే, ఫోర్ వీల్ వేసినప్పుడు ఆ తేడా అంతా గేర్ల మీద పడుతుంది. కొంటే ఐదూ ఒకేసారి కొనండి, స్టెప్నీతో కలిపి.