డీడీ యాదగిరి వార్తలు: ఎరువుల దుకాణం కౌంటర్ మీద నుంచి

నర్సంపేటలో మాకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. కౌంటర్ వెనక గోడకు టీవీ. వానాకాలం వచ్చిందంటే ఆ టీవీలో ఏం నడుస్తుందో దాన్ని బట్టే బయట లైన్ పెరుగుతుంది. నమ్మరేమో గానీ 2025 ఆగస్టులో, యూరియా కోసం చెప్పులు, పాసు పుస్తకాలు లైన్లో పెట్టిన రోజుల్లో, ఇది రోజూ చూశాను.

ఒక ఛానెల్‌లో ఖాళీ బస్తా, దాని చుట్టూ ఎర్ర గీత, కింద 'ఇక యూరియా లేనట్టేనా?' అని స్క్రోలింగ్. చివర ఉన్న ప్రశ్న గుర్తు ఎవరు చూస్తారు? ఒక్క బస్తా చాలనుకుని వచ్చిన మనిషి మూడు కావాలని వేలిముద్ర మిషన్ దగ్గర పట్టుబడతాడు. "రేపటి సంది రాదటగదనే అన్నా" అని నన్నే అడుగుతారు. లోడు ఎప్పుడొస్తుందో నాకే తెలియదు, వాళ్లకేం చెప్పను? 45 కిలోల బస్తా రేటు 266 రూపాయల 50 పైసలు. టెన్షన్ మాత్రం ఫ్రీ.

అందుకే సాయంత్రం పూట దూరదర్శన్ వాళ్ల తెలంగాణ ఛానెల్ డీడీ యాదగిరి పెడుతున్నాను. వార్తలు చదివేవాళ్లు అరవరు, చర్చల్లో ఒకరి మీద ఒకరు పడరు. రామగుండం ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగిందని, దిగుమతులు లేటయ్యాయని కారణాలు ముందు చెప్పారు. కేంద్రం కోటా పంపలేదని రాష్ట్రం, పంపామని కేంద్రం. ఎవరి మాట వాళ్ల పేరు మీదే చదివారు, తీర్పు మాకే వదిలారు. రైతు కోపం తగ్గలేదు గానీ, దుకాణదారుడి గల్లా పట్టుకునే పని లేదని అర్థమైంది. నాకు అదే పదివేలు.

నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. రైతు మాట్లాడుతుంటే వెనక ఏడుపు మ్యూజిక్ వేయరు. ఒకరోజు లైన్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి మాట చివరిదాకా వచ్చింది. మా హమాలీ బస్తా దించి, "గీయన మన దిక్కోడే" అంటూ మొత్తం విన్నాడు. 1983లో తెలుగులో తొలి టీవీ న్యూస్ రీడర్ శాంతిస్వరూప్ గారు టెలిప్రాంప్టర్ లేకుండా వార్తలు కంఠతా పట్టి చదివింది కూడా హైదరాబాద్ దూరదర్శన్‌లోనే. మా నాన్న ఆయన నమస్కారం గురించి ఇప్పటికీ చెప్తాడు.

లోటు లేదనను. ఇది ప్రసార భారతి ఛానెల్, సర్కారును నిలదీసే ఇంటర్వ్యూలు కావాలంటే పేపర్ చదువుకోవాల్సిందే. నిమిషం నిమిషానికీ కబురు కావాలన్నా ఇది సరిపోదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడి, మోరంచపల్లి జనం ఇళ్ల పైకప్పులు ఎక్కారు చూడండి, అలాంటి రోజు మళ్లీ వస్తే నేనూ రిమోట్ తిప్పుతాను.

ఐదుకు నాలుగు ఇస్తా. ఫ్రీ డిష్‌లో నెల చందా లేకుండా వస్తుంది, కేబుల్లోనూ దొరుకుతుంది. నలుగురు కూర్చునే దుకాణం ఉన్నవాళ్లు సీజన్‌లో ఒక వారం పెట్టి చూడండి. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం నా మాట మా దుకాణంలోనే చెల్లదు.