ఒక్క పట్టుకి నలభై నిమిషాలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 ఎడిషన్ ఆరేళ్లుగా ఆడుతున్నాం, టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని డైస్ వేస్తూ కథ నడిపే ఆట ఇది. డైస్ ఎలా వెయ్యాలి, డీఎం (కథ నడుపుతూ రాక్షసుల తరఫున ఆడేవాడు) ఏం చేస్తాడు లాంటివి వివరంగా చెప్పను. నాకు కోపమంతా గ్రాపుల్ మీదే, అంటే ఎదుటివాణ్ణి ఒడిసి పట్టుకునే రూల్ మీద.

మా మేనత్త కొడుకు, నాకు బావ, ఊళ్లో ఉన్నప్పుడు కబడ్డీ బాగా ఆడేవాడు. అందుకే కత్తులూ బాణాలూ వద్దని ఒట్టి చేతులతో పోరాడే మంక్ క్యారెక్టర్ తీసుకుని, మొదటి లెవెల్లోనే ఇంప్రూవ్డ్ గ్రాపుల్ అనే అదనపు నేర్పు ఎంచుకున్నాడు. "నేను పట్టేస్తా, మీరు కొట్టండి." ఆయన ప్లాన్ అంతే. మూడో లెవెల్‌కి వచ్చాక ఒక రాత్రి కథలో వంతెన మీద ఓగర్ అనే భారీ రాక్షసం అడ్డం వచ్చింది, మా వెనక ఊరి జనం పరిగెడుతున్నారు, బావ కుర్చీలోంచి లేచి "దూకి నడుం పట్టేస్తున్నా" అన్నాడు. అందరం ఒక్కసారిగా కేక వేశాం.

అక్కడి నుంచి మొదలైంది. పట్టుకోబోయే వాడిమీద ఎదుటివాడికి ముందు ఒక దెబ్బ దక్కుతుంది, అది తగిలితే పట్టు ప్రయత్నం అక్కడితో సరి. డీఎం ఆ దెబ్బ వేశాడు, తగిలింది, పట్టు పోయింది అన్నాడు. కాసేపటికి ఎవరికో గుర్తొచ్చింది, ఇంప్రూవ్డ్ గ్రాపుల్ ఉంటే ఆ దెబ్బే ఉండదని. వెనక్కి తిప్పాం. చెయ్యి తగిలిందో లేదో చూడ్డానికి ఒక డైస్, తగిలింది. తర్వాత ఇద్దరి బలం తేల్చడానికి చెరో డైస్. బావకి 11 పడింది, ఆయన క్యారెక్టర్‌కి పట్టులో ఉన్న 8 కలిపితే 19. ఓగర్‌కి 10 పడింది, దానికి 7 కలిపి 17 అన్నాడు డీఎం. గెలిచాం! బావ చప్పట్లు కొడుతుంటే మా రేంజర్ (విలుకాడి పాత్ర ఆడేవాడు) రూల్స్ పుస్తకం చూస్తూ "ఆగండాగండి" అన్నాడు. పెద్ద శరీరం ఉన్నవాటికి మామూలు దాడిలో ఒకటి తగ్గుతుంది, గ్రాపుల్‌లో మాత్రం నాలుగు పెరుగుతుంది. మేం ఒకటి తగ్గించాం. ఓగర్‌కి కలపాల్సింది 7 కాదు, 12. మొత్తం 22. బావ ఓడిపోయాడు.

గడియారం చూస్తే నలభై నిమిషాలు అయింది. బావ ఏమీ అనలేదు, కూర్చుని షీట్ మీద పెన్సిల్‌తో రాసుకున్న అంకెలు రబ్బరుతో తుడిచేశాడు. ఆ ముఖం చూస్తే నాకు చాలా బాధేసింది. కబడ్డీలో పట్టు దొరికిందో జారిందో క్షణంలో తెలిసిపోతుంది కదా, ఆయన కోరుకున్నదీ అదే. పోనీ పట్టు దొరికి ఉన్నా, రేంజర్ బాణం వేస్తే అది ఓగర్‌కి తగులుతుందో బావకి తగులుతుందో తేల్చడానికి ఇంకో డైస్ వెయ్యాలి.

మొదటి ఏడాది నేనే అందరికీ చెప్పేవాణ్ణి, ఏ సందర్భానికైనా ఇందులో రూల్ ఉంది, అదే దీని బలం అని. క్యారెక్టర్ తయారు చేసుకునే విషయంలో ఇప్పటికీ అదే మాట అంటాను, అన్ని రకాల మనుషుల్ని ఇందులో కట్టుకోవచ్చు, గంటలు తెలియవు. కానీ రూల్ ఉండడం వేరు, కథ పరుగు మీదున్నప్పుడు అది చేతికి అందడం వేరు.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో దీన్ని ఒక్క పోటీకి కుదించారు. పట్టేవాడు అథ్లెటిక్స్ అనే నైపుణ్యం మీద డైస్ వేస్తాడు, దొరికేవాడు అథ్లెటిక్స్ మీద గానీ అక్రోబాటిక్స్ మీద గానీ వేస్తాడు, పట్టు దొరికితే వాడు అక్కడి నుంచి కదల్లేడు. మేం ఇప్పుడు ఆ పద్ధతే తెచ్చి మా 3.5లో పెట్టుకున్నాం, అథ్లెటిక్స్ బదులు బలం, అక్రోబాటిక్స్ బదులు చురుకుదనం చూసుకుంటున్నాం. పూర్తిగా కొత్త ఎడిషన్‌కి మారకపోవడానికి కారణం ఆరేళ్ల కథ, కొన్న పుస్తకాలు, అలవాటు.

మాకు నెలకి రెండు శనివారాలే దొరుకుతాయి, పిల్లలు పడుకున్నాక మూడు గంటలు. అందులో నలభై నిమిషాలు పోతే మిగిలేదేముంటుంది? హాస్టల్లో ఉంటూ రాత్రంతా ఆడగలిగేవాళ్లకి, రూల్స్ తవ్వుకోవడమే ఇష్టమైనవాళ్లకి ఇది బాగానే ఉండొచ్చు, వాళ్లని వద్దనను. మా టేబుల్ దగ్గర మాత్రం గ్రాపుల్ పేజీ ఇక తెరవం. బావ ఇంకా ఆ మంక్‌నే ఆడుతున్నాడు, పోయిన శనివారం ఒక దొంగని ఒక్క డైస్‌తో పట్టేశాడు.