ఏ ఊళ్లు చూడాలో తేల్చిపెట్టిన రైలు పాస్

ఈ ఏడాది అమెరికాలో చూడాలనుకున్న ఊళ్లు రాసుకుంటే పద్నాలుగు తేలాయి, దేన్నీ కొట్టేయబుద్ధి కాలేదు. చివరికి అక్కడ దూర ప్రయాణాల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ వాళ్ల యూఎస్ఏ రైల్ పాస్ కొన్నాను, 499 డాలర్లు. 30 రోజుల్లో 10 సెగ్మెంట్లు, అంటే పదిసార్లు రైలెక్కి దిగొచ్చు. రైలు మారినా ఇంకో సెగ్మెంట్ పోయినట్టే.

పాస్ చేతికొచ్చాక లిస్టు దానంతట అదే తగ్గింది. లాస్ వెగాస్‌కి 1997 నుంచి ఆమ్‌ట్రాక్ రైలే లేదు, నాష్‌విల్‌కీ లేదు. ఫిలడెల్ఫియా గురించి మాత్రం చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే న్యూయార్క్ నుంచి గంటన్నర ప్రయాణానికీ, షికాగో, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య 52 గంటలు నడిచే కాలిఫోర్నియా జెఫిర్‌కీ పోయేది ఒక్కటే సెగ్మెంట్. దగ్గర ఊళ్లకి విడిగా బస్సు టికెట్ కొనుక్కోండి, పాస్‌ని దూరాలకి దాచుకోండి.

నేను న్యూయార్క్‌లో మొదలుపెట్టి వాషింగ్టన్, న్యూ ఆర్లీన్స్, లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, షికాగో, బోస్టన్ చూసుకుని తిరిగొచ్చాను. ఏడు సెగ్మెంట్లే అయ్యాయి. ఇంకా మూడున్నా ఊళ్లు పెంచలేదు, వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియాలకే (అన్నీ ఉచితం) నాలుగు రోజులు పట్టింది మరి.

జెఫిర్ గురించి చెప్పకుండా ఉండలేను. శాన్ ఫ్రాన్సిస్కోలోకి రైలు రాదు, బే అవతల ఎమరీవిల్‌లో ఎక్కాలి. రెండో రోజు గ్రాండ్ జంక్షన్‌ స్టేషన్‌కి కాస్త ముందే కొలరాడో నది పక్కకొచ్చి చేరుతుంది, ఇక గంటల తరబడి ఎర్రటి కొండల మధ్య నది ఒక పక్క, మనం ఒక పక్క. పెద్ద అద్దాల లౌంజ్ బోగీలో పొద్దున కూర్చున్నదాన్ని డెన్వర్ దగ్గర పడేదాకా లేవలేదు. డెన్వర్‌కి ముందు కొండ కింద 6.2 మైళ్ల మోఫాట్ సొరంగం కూడా ఉంది. ఈ ఒక్క రోజు కోసమైనా నేను మళ్లీ ఈ పాస్ కొంటాను.

అయితే పాస్‌తో దొరికేది కోచ్ సీటే, పడుకునే గది రాదు. సీటు బాగానే వెనక్కి వాలుతుంది, కాళ్లకి చోటుంటుంది, కానీ జెఫిర్‌లో రెండు రాత్రులూ కూర్చునే నిద్రపోవాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లకి, పెద్దవాళ్లకి నేనైతే వద్దంటాను. ఈశాన్యంలో నడిచే అసెలా రైళ్లకి ఈ పాస్ చెల్లదు.

ఇంకొకటి, పాస్ ఉంది కదా అని నేరుగా స్టేషన్‌కి వెళ్లిపోకండి, ప్రతి రైలుకీ ముందే రిజర్వేషన్ ఉండాలి. న్యూ ఆర్లీన్స్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లే సన్‌సెట్ లిమిటెడ్ వారానికి మూడుసార్లే, అందుకని ముందు ఆ తేదీ ఖాయం చేసుకుని, మిగతా ఊళ్లని దానికి అటూ ఇటూ సర్దుకోండి.