ఖాళీ మంచెకు 2,77,000 రూపాయలు

"గ్యారంటీ మేడం. ఒరాంగుటాన్‌ను చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా చూపిస్తాం" అన్నాడు ట్రావెల్స్ ఏజెంటు. గ్యారంటీ అన్నప్పుడే మేము లేచి వచ్చేసి ఉంటే ఈ సోది రాసే పని ఉండేది కాదు.

తిరుపతిలోనే ఒక ట్రావెల్స్ ఆఫీసు. పేరు రాయను, ఆ వీధిలోనే నేను రోజూ కూరగాయలు కొనేది. బోర్నియో ప్యాకేజీ ఆరు రోజులు, పెద్దవాళ్ళకు తలకు 72,000, పాపకు 61,000, వెరసి 2,77,000 రూపాయలు. వీసా, విమానం, శాకాహార భోజనం, రెండు రాత్రులు నది ఒడ్డున రిసార్ట్, చివరగా "ఒరాంగుటాన్ దర్శనం". ఆ దర్శనం అనే మాట అతనిదే. మా ఊళ్ళో ఆ మాట తగిలిస్తే ఏదైనా అమ్ముడుపోతుందని అతనికి బాగా తెలుసు.

ఏడో తరగతి చదివే మా పాపకు రెండేళ్ళుగా ఒరాంగుటాన్ పిచ్చి. నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి ఆ పిచ్చికి కొంత కారణం నేనే. మా అత్తమ్మకు మాత్రం ఒకటే సందేహం. "కోతుల్ని చూసేదానికి సముద్రం దాటాల్నా? అలిపిరి మెట్ల కాడికి పోతే చేతిలో టెంకాయ లాక్కొని మరీ కనిపిస్తాయి గదా?" పాప ప్రతిసారీ ఓపిగ్గా చెప్పేది. "అవి కోతులు కాదవ్వా. తోకుండదు. చింపాంజీ, గొరిల్లా, మనిషి, అందరిదీ ఒకే కుటుంబం." తన కుటుంబంలోకి కొత్తగా ఎవర్నీ చేర్చుకునే ఉద్దేశం అత్తమ్మకు లేదు. అయినా వస్తానంది, ఒక్కతే ఇంట్లో ఉండలేక.

2019 ఆగస్టులో వెళ్ళాం. నాగలాపురం, ఊత్తుకోట మీదుగా చెన్నైకి కారు 3,800. అక్కడ నుంచి కౌలాలంపూర్, మళ్ళీ దాదాపు మూడు గంటలు ఎగిరి బోర్నియో దీవిలోని సండకాన్. ప్రయాణం బాగానే సాగింది. ఒక్క చోటే టెన్షన్. మలేషియా లోపలి విమానమే అయినా, సండకాన్ ఉన్న సబా రాష్ట్రానికి సొంత ఇమిగ్రేషన్ ఉంది, సండకాన్‌లో దిగగానే పాస్‌పోర్టు మళ్ళీ చూస్తారు. తిరుగు టికెట్ కాగితం చేతిసంచిలో పెట్టుకోమని ఏజెంటు చెప్పలేదు. అది పెద్ద పెట్టెలో ఉంది, పెట్టె ఇంకా బెల్టు మీదకు రాలేదు. కౌంటర్లో ఉన్నాయన మా ఆయన ఫోన్లో మెయిల్ తెరుచుకునేదాకా తల ఎత్తకుండా కూర్చున్నాడు. మీరు వెళ్తే కాగితం చేతిలోనే పెట్టుకోండి.

ఇక బస సంగతి. "అడవి మధ్యలో లాడ్జి" అని రాసిచ్చాడు. నిజంగానే చుట్టూ చెట్లున్నాయి, అన్నీ పామాయిల్ చెట్లు. గది తలుపు తీయగానే తడి గోనెసంచి వాసన. ఏసీ తిరుగుతోంది గానీ చల్లదనం లేదు, దాని కిందున్న బకెట్టు మాత్రం గంటకోసారి నిండుతోంది. రాత్రి మూడుసార్లు లేచి ఆ బకెట్టు పారబోసింది నేనే. దుప్పటి మీద ముందు దిగిన వాళ్ళ వెంట్రుకలు. శాకాహార భోజనం అని చీటీ చూపిస్తే ఫ్రైడ్ రైస్ తెచ్చిపెట్టారు, నాలుగో ముద్దలో రొయ్య. అత్తమ్మ ప్లేటు పక్కకు తోసి, సంచిలోంచి చెనక్కాయలు తీసుకుని మంచం మీద కూర్చుని నమిలింది. ఒక్క మాట అనలేదు. ఆమె తిట్టినా బాగుండేది. మా ఆయన రాత్రంతా ఏజెంటుకు మెసేజీలు పెట్టాడు, నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు లేదు.

మర్నాడు పొద్దున సెపిలోక్. సండకాన్ ఊరికి పాతిక కిలోమీటర్లు ఉంటుంది. 1964లో మొదలైన ఒరాంగుటాన్ల పునరావాస కేంద్రం ఇది. తల్లుల్ని చంపేసి పిల్లల్ని పెంచుకోడానికి ఎత్తుకుపోతారు కదా, అలా ఇళ్ళలో దొరికినవాటిని, చెట్లు కొట్టేసిన చోట అనాథలైనవాటిని తెచ్చి, మళ్ళీ అడవిలో బతకడం నేర్పిస్తారు. ఆనుకుని 43 చదరపు కిలోమీటర్ల అడవి ఉంది. అప్పట్లో టికెట్టు విదేశీ పెద్దలకు 30 రింగిట్లు, పిల్లలకు 15, కెమెరాకు 10. మాకు మొత్తం 115 అయింది, మన డబ్బులో రెండు వేలకు కాస్త తక్కువ. అదే టికెట్‌తో పొద్దున పదికీ, మధ్యాహ్నం మూడుకీ రెండుసార్లు మేత చూడొచ్చు. సంచులు లాకర్లో పెట్టించేస్తారు, లేకపోతే అడవి కోతులు లాక్కుంటాయి. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు దగ్గరికి పోవద్దని బోర్డు ఉంది, మన జబ్బులు చాలావరకు వాటికీ అంటుకుంటాయి. అత్తమ్మ అది విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, దగ్గు లేకపోయినా.

పదింటికల్లా చెక్కబాట మీద నూటయాభై మంది. ఎదురుగా చెట్టుకు కట్టిన మంచె. ఒకడు ముందుకు తోస్తాడు, ఇంకొకడు ఫోన్ తల మీదకు ఎత్తుతాడు. క్యూ కాంప్లెక్సుల్లో గంటలు నిలబడ్డ ప్రాణాలం గనుక మాకేమీ కొత్త కాలేదు. ఆ మంచె మీద పోసిన అరటిపళ్ళ దగ్గరికి పొట్టి తోక కోతులు నాలుగు వచ్చాయి, కడుపునిండా తిన్నాయి, పోయాయి. ఒరాంగుటాన్ ఒక్కటంటే ఒక్కటి రాలేదు. పదిన్నర, పదకొండు. "చెయ్యి చాస్తే అందేంత" అన్నవాడు గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. మూడింటికి మళ్ళీ వచ్చాం. మళ్ళీ ఆ కోతులే. పాప కళ్ళల్లో నీళ్ళు. "చెప్పలా నేను" అన్నట్టు అత్తమ్మ నా వైపు ఒక చూపు చూసింది.

మా ఆయన కోపం ఆపుకోలేక అక్కడి ఫారెస్టు ఉద్యోగిని నిలదీశాడు. ఆయన నవ్వుతూ చెప్పింది విన్నాక నాకే సిగ్గేసింది. ఇప్పుడు అడవిలో పళ్ళ కాలం. అత్తిపళ్ళు, దురియన్లు దొరుకుతుంటే ఇక్కడికెందుకు వస్తాయి? మంచె మీద రోజూ అవే అరటిపళ్ళు పెట్టడం కావాలని చేసే పనే. హాస్టల్లో రోజూ ఉప్మా పెడితే పిల్లలు బయట తిండి వెతుక్కున్నట్టు, విసుగొచ్చి అవే అడవిలోకి పోవాలని. ఎవరూ రాని రోజు మాకు మంచి రోజు అన్నాడు.

అంటే మేము డబ్బిచ్చి చూసింది వాళ్ళ విజయం. ఇంకా నయం, పక్కనే అద్దాల వెనక నర్సరీ ఉంది. అక్కడ ఐదు పిల్లలు తాళ్ళకు వేలాడుతూ ఒకదాని కాలు ఒకటి లాగుతూ కనిపించాయి. పాప గంటసేపు కదల్లేదు.

అసలు మోసం మూడో రోజు బయటపడింది. నది ఒడ్డు రిసార్ట్ ఏదని మమ్మల్ని తిప్పుతున్న స్థానిక డ్రైవరును అడిగితే, అతని దగ్గరున్న కాగితంలో కినబతంగన్ నదిలో ఒక గంట బోటు మాత్రమే ఉంది. రానూ పోనూ ఐదు గంటలు, మధ్యలో గంట బోటు, రాత్రికి మళ్ళీ ఆ బకెట్టు గదే. మా ఆయన అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. అప్పుడు నిర్ణయం తీసుకున్నది అత్తమ్మ. "పోయిన డబ్బు ఎట్లాగూ పోయింది. ఆ బిడ్డ మొహం చూడు. ఇంకో పదివేలు పెట్టు" అంది.

ఆ నది ఒడ్డునే సుకావు అనే ఊరు, అక్కడికి బయల్దేరాం. దారి పొడవునా పామాయిల్ తోటలే, రెండు గంటలు కిటికీలోంచి అదే చెట్టు. మన రేషన్ షాపులో ఒకప్పుడు ఇచ్చిన ప్యాకెట్టు, మా వీధి చివర బజ్జీల బాణలి, అన్నీ గుర్తొచ్చాయి. పామాయిల్ దిగుమతిలో మన దేశమే ముందు. ఊళ్ళో ఒక ఇంట్లో బస, తలకు 70 రింగిట్లు, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి. సాయంత్రం ఒకటి, తెల్లవారి ఒకటి బోటు, ట్రిప్పుకు 160. మొత్తం 600 రింగిట్లు, 10,200 రూపాయలు. ఈ యాత్ర మొత్తంలో ఒక్క రూపాయి కూడా వృథా కాని ఖర్చు ఇదే.

ఆ ఇంటావిడకు మన భాష రాదు, అత్తమ్మకు తెలుగు తప్ప రాదు. ఇద్దరూ వంటింట్లో గంటసేపు మాట్లాడుకున్నారు. రొయ్యపొడి వద్దని అత్తమ్మ చేతులు తిప్పి ఎలా చెప్పిందో తెలియదు గానీ, అన్నం, వెల్లుల్లి వేసి వేయించిన తూటికూర, గుమ్మడికాయ కూర వచ్చాయి. అత్తమ్మ ఊరుకోక వాళ్ళ రాతి రోట్లోనే చెనక్కాయలు, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఊరిబిండి నూరింది. ఆవిడ వేలితో నాకి చూసి, గిన్నె తన వైపుకు జరుపుకుంది. మూడు రోజుల తర్వాత మా నలుగురికీ అదే కడుపునిండిన భోజనం.

బోటు అంతకు ముందే, సాయంత్రం నాలుగున్నరకు. ఒడ్డు పొడవునా పొడుగు ముక్కు కోతులు గుంపులుగా ఉన్నాయి, మగవాటి ముక్కు చిన్న వంకాయలా వేలాడుతుంటుంది. అవి బోర్నియోలో తప్ప ఇంకెక్కడా ఉండవు. బోటు నడిపే కుర్రాడికి కొంచెం ఇంగ్లీషు వచ్చు. "ఒరాంగుటాన్ కనిపిస్తుందా?" అని పాప అడిగితే, "తెలీదు" అన్నాడు. ఆ ఒక్క మాటకే అతని మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆరు కావస్తుండగా ఇంజన్ ఆపేశాడు. ఒక అత్తిచెట్టు వైపు చూపించాడు. మొదట నేను ఎండిన కొమ్మే అనుకున్నాను. ఆ కొమ్మ చెయ్యి చాచింది. తల్లి, దాని నడుము పట్టుకుని నాలుగైదేళ్ళ పిల్ల. తల్లి రెండు కాళ్ళతో ఒక కొమ్మ పట్టుకుని, చేతులతో చుట్టూ ఉన్న మండలు ఒక్కొక్కటే లోపలికి వంచి, తన కిందికి లాక్కుని కూర్చుంటోంది. వంచిన మండ లేవకుండా మీద ఇంకోటి అడ్డంగా వేస్తోంది. తర్వాత ఆకుల రెమ్మలు తుంచి పైన పరిచింది. ఐదారు నిమిషాల్లో పడక తయారు. ప్రతి సాయంత్రం ఇంతేనట, నిన్నటి పడక ఉన్నా చాలాసార్లు కొత్తదే కడతాయట. పిల్ల పక్క కొమ్మ మీద తనూ రెండు రెమ్మలు వంచబోయింది, చేయి తీయగానే అవి లేచిపోయాయి. మళ్ళీ వంచింది, మళ్ళీ లేచాయి. విసుగొచ్చి తల్లి పడకలో దూరింది.

"దీని మొగుడేడి?" అని అత్తమ్మ అడిగింది. పాప తెలుగులోకి, ఇంగ్లీషులోకి మారుస్తూ సంభాషణ నడిపింది. మగది వేరే ఎక్కడో ఒంటరిగా తిరుగుతుంది. పెద్ద మగవాటికి చెంపలు రెండు పక్కలా అట్లు అతికించినట్టు వెడల్పుగా పెరుగుతాయి. కిలోమీటరు దూరం వినిపించేలా అరుస్తాయి. పిల్లను పెంచేది తల్లి ఒక్కతే. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుంది, ఏ పండు ఎలా ఒలవాలి, పడక ఎలా కట్టాలి, అన్నీ నేర్పేసరికి ఏడెనిమిదేళ్ళు. అందాకా ఇంకో కాన్పు ఉండదు. జీవితకాలంలో మహా అంటే మూడో నాలుగో పిల్లలు. అందుకే ఒక తల్లిని చంపితే ఆ లోటు మళ్ళీ పూడదు. బోర్నియో ఒరాంగుటాన్‌ను 2016లో అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న జాబితాలో చేర్చారు. సుమత్రా దీవిలో 2017లో కొత్త జాతిగా గుర్తించిన తపనులి ఒరాంగుటాన్లయితే 800 కూడా లేవు.

అత్తమ్మ ఇదంతా విని కాసేపు ఊరుకుంది. మా మామగారు పోయినప్పుడు మా ఆయనకు ఆరేళ్ళు. "ఏడేళ్ళు ఒక్కతే పెంచుతాదా!" అంది. తర్వాత చీకటి పడి బోటు తిరిగేదాకా ఆ చెట్టు మీద నుంచి కళ్ళు తీయలేదు. కోతి అనే మాట మాత్రం మళ్ళీ ఆమె నోట రాలేదు.

వెళ్ళేవాళ్ళకు నా సలహా. సెపిలోక్‌కు ఒక పూట చాలు, నర్సరీ తప్పనిసరిగా చూడండి. మిగతా డబ్బూ రోజులూ నది మీద పెట్టండి, కనీసం రెండు రాత్రులు. ప్యాకేజీ వద్దు, టికెట్లు మీరే తీసుకోండి. ఊరగాయ, చెనక్కాయలు మరిచిపోకండి. గ్యారంటీ అన్నవాడికి అడ్వాన్సు ఇవ్వకండి.

తిరుపతికొచ్చాక మా ఆయన ఆ ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. రిసార్ట్ డబ్బు 38,000 అడిగితే 8,000 చేతిలో పెట్టి, "అక్కడి పార్టీ మోసం చేసింది సార్" అని తప్పు సముద్రం అవతలికి నెట్టేశాడు. పైగా గోడకు తగిలించుకోడానికి మంచి ఫోటో ఒకటి ఇమ్మన్నాడు. తల్లీపిల్లల ఫోటో ఇద్దామని మా ఆయన ఫోన్ తీస్తే పాప లాక్కుంది. తనే వెతికి ఒకటి పంపింది. సెపిలోక్‌లో మూడింటికి తీసిన ఖాళీ మంచె.

మొన్న అటుగా వెళ్తూ చూశాను, ఇంకా తగిలించలేదు.